ముందు ఓ2 సెన్సర్ మార్పు: ప్రాజెక్టు డైరీ

లైటు వెలిగిన రోజు

చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. స్కానర్ పెట్టి చూస్తే ఒకే కోడ్: పి0135. బ్యాంక్ 1, సెన్సర్ 1 అనే ఓ2 సెన్సర్ (పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని చూసేది) హీటర్ సర్క్యూట్‌లో లోపం అని దాని అర్థం. నంబర్ 1 సిలిండర్ ఉన్న వైపు బ్యాంక్ 1. పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ముందు ఉండేది సెన్సర్ 1, తర్వాత ఉండేది సెన్సర్ 2. నాది నాలుగు సిలిండర్లు ఒకే వరసలో ఉన్న పెట్రోల్ ఇంజిన్ కాబట్టి బ్యాంక్ ఒకటే. సిలిండర్ల పొగని ఒక్క పైపులోకి చేర్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర పైనే కనిపించే సెన్సర్ ఇది.

బండి నడకలో తేడా లేదు. పికప్ ఎప్పటిలాగే ఉంది, ఐడ్లింగ్ నిలకడగా ఉంది. కానీ కొన్నాళ్లుగా ఒక విషయం గమనిస్తున్నాను. దగ్గర్లో తిరిగినప్పుడు పెట్రోల్ ఎక్కువ తాగుతోంది, దూరం వెళ్తే మాత్రం మైలేజ్ ఏమీ తగ్గడం లేదు. కోడ్ కంటే ముందు ఈ తేడాయే నాకు దారి చూపించింది.

ఎందుకంటే ఈ సెన్సర్ చల్లగా ఉన్నప్పుడు పని చేయదు. లోపల ఉన్నది జిర్కోనియం డయాక్సైడ్ పింగాణీ. దానికి ఒక పక్క పొగ, ఇంకో పక్క బయటి గాలి. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటితేనే ఆ పింగాణీ గుండా ఆక్సిజన్ అయాన్లు కదులుతాయి, రెండు పక్కల ఆక్సిజన్‌లో ఉన్న తేడాని బట్టి వోల్టేజ్ పుడుతుంది. పెట్రోల్ ఎక్కువైతే 0.8, 0.9 వోల్టులు, గాలి ఎక్కువైతే 0.1 దగ్గరికి. ఒక కిలో పెట్రోల్‌కి 14.7 కిలోల గాలి అనే సరిపాటు దగ్గర 0.45ని దాటి ఒక్కసారిగా ఇటు నుంచి అటు దూకుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి ఆ 14.7 తగ్గుతుంది, అయినా సెన్సర్‌కి ఇబ్బంది లేదు. అది చూసేది మండాక పొగలో మిగిలిన ఆక్సిజన్‌నే.

ఆ వేడి త్వరగా అందడానికే లోపల హీటర్. బాష్ తయారు చేసిన తొలి లాంబ్డా సెన్సర్ (ఓ2 సెన్సర్‌కి ఇంకో పేరు) 1976లో వోల్వో కార్లలో వచ్చినప్పుడు దానికి హీటర్ లేదు, పొగ వేడి మీదే ఆధారపడేది. హీటర్ ఉన్న సెన్సర్ 1982లో వచ్చింది. నా బండిలో హీటర్ పోయిందంటే సెన్సర్ మళ్ళీ ఆ పాత పద్ధతికి వెళ్ళిపోయిందన్నమాట. పొగతో వేడెక్కేదాకా ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి, కబురు రాదు. అంతసేపూ అది కళ్లకు గంతలు కట్టుకుని తెలిసిన దారిలో నడిచినట్టు, తనలో ముందే రాసి ఉన్న లెక్కల ప్రకారం కాస్త ఎక్కువ పెట్రోలే పోస్తుంది. దగ్గరి తిరుగుళ్లలో మైలేజ్ తగ్గడానికి ఇదే కారణం అనిపించింది. అనిపించడం వేరు, తేల్చుకోవడం వేరు. పి0135 అన్న కోడ్ హీటర్ సర్క్యూట్ మీద ఫిర్యాదు మాత్రమే. ఆ సర్క్యూట్‌లో ఫ్యూజ్ ఉంది, రిలే ఉంది, మీటర్ల కొద్దీ వైరు ఉంది, వైర్లు కలిసే కప్లర్ ఉంది, చివర్లో ఈసీయూ ఉంది. సెన్సర్ వాటిలో ఒకటి.

కోడ్ చెరిపేయాలన్న తొందర వద్దు. చెరిపితే దానితో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్, అంటే కోడ్ పడ్డ క్షణంలో ఈసీయూ దాచిన రీడింగుల పట్టిక, కూడా పోతుంది. అందులో ఉన్నవన్నీ ముందు కాగితం మీద రాసుకున్నాను. కూలెంట్ ఇంకా చల్లగా ఉంది, వేగం సున్నా, ఇంజిన్ అప్పుడే స్టార్ట్ అయింది. హీటర్ పని చేయాల్సిన సమయం సరిగ్గా అదే.

మరుసటి ఉదయం, చల్ల ఇంజిన్ మీద లైవ్ డేటా

రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ చేసి రెండు సెన్సర్ల గ్రాఫులూ పక్కపక్కన పెట్టాను. ముందు సెన్సర్ 0.45 వోల్టుల దగ్గర గీత గీసినట్టు ఉండిపోయింది. అది సెన్సర్ ఇచ్చే వోల్టేజ్ కాదు. సెన్సర్ ఇంకా లేవలేదు కాబట్టి ఈసీయూ తన వైపు నుంచి ఇచ్చే వోల్టేజే తిరిగి కనిపిస్తోంది. ఫ్యూయల్ సిస్టమ్ స్థితి ఓపెన్ లూప్ అనే, అంటే సెన్సర్ కబురు వాడకుండా నడుస్తున్నట్టే, చూపిస్తోంది. నిమిషాలు గడిచాయి, గీత కదల్లేదు. కాసేపు 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచాక మెల్లగా ఊగడం మొదలైంది. వేడెక్కాక ఊపు బాగానే ఉంది, 0.1 నుంచి 0.9 దాకా చకచకా ఎక్కి దిగుతోంది. యాక్సిలరేటర్ వదిలేసి ఐడ్లింగ్‌లో ఉంచితే కొంతసేపటికి మళ్ళీ బద్ధకించింది. హీటర్ లేని సెన్సర్ లక్షణాలే ఇవన్నీ. పింగాణీ బాగుంది, వేడి చాలడం లేదు.

ఫ్యూయల్ ట్రిమ్‌లు, అంటే సెన్సర్ కబురుని బట్టి ఈసీయూ పెట్రోల్‌ని పెంచే, తగ్గించే శాతాలు, కూడా చూశాను. వేడి ఇంజిన్ మీద లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ 2, 3 శాతం మధ్య. 10 శాతం లోపు ఉంటే నేను పట్టించుకోను. వెనక సెన్సర్ 0.7 వోల్టుల దగ్గర నిలకడగా ఉంది, అంటే కన్వర్టర్ తన పని తాను చేస్తోంది. వెనకది కూడా ముందుదానిలాగే ఊగిపోతుంటే కన్వర్టర్ మీద అనుమానపడాల్సి వచ్చేది.

మానిఫోల్డ్ గాస్కెట్ చుట్టూ టార్చ్ వేసి మసి చారల కోసం వెతికాను. సెన్సర్‌కి ముందు ఎక్కడైనా పొగ లీకైతే, పొగ దెబ్బకీ దెబ్బకీ మధ్య బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సర్ దాన్ని గాలి ఎక్కువైందని చదువుతుంది, ఈసీయూ అక్కర్లేని పెట్రోల్ పోస్తుంది. కొత్త సెన్సర్ వేసినా ఆ రోగం తగ్గదు. ఇక్కడ మసి లేదు, టక్ టక్ చప్పుడు లేదు.

మల్టీమీటర్ పని

ఇంజిన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టాను. ఫ్యూజ్ బాక్స్ మూత మీద ఉన్న బొమ్మ చూసి హీటర్ ఫ్యూజ్ పీకి, రెండు కాళ్ల మధ్య కంటిన్యుటీ చూశాను. బాగుంది. నా బండిలో రెండు హీటర్లకీ ఫ్యూజ్ ఒకటే. అది పోయి ఉంటే వెనక సెన్సర్‌కి సంబంధించిన పి0141 కూడా వచ్చి ఉండేది. ఒక్క కోడే వచ్చిందంటే లోపం ముందు సెన్సర్ కొమ్మలోనే ఉంది.

తర్వాత కప్లర్ విప్పాను. లోపల పచ్చతుప్పు లేదు, పిన్నులు వెనక్కి జరగలేదు. ఇగ్నిషన్ ఆన్ చేసి బండి వైరింగ్ వైపు హీటర్ సప్లై పిన్నుకీ బాడీకీ మధ్య చూస్తే 12.4 వోల్టులు. కొన్ని బండ్లలో ఇంజిన్ తిరిగితేనే ఈ సప్లై వస్తుంది, అది గుర్తుంచుకోవాలి. మీటర్‌లో 12 కనిపించింది కదా అని వదిలేయకూడదు. లోపల రెండు మూడు పోగులే మిగిలిన వైరు కూడా మీటర్‌కి 12 చూపిస్తుంది, లోడ్ పడితే కూలిపోతుంది. అందుకే ఇండికేటర్ బల్బు ఒకటి తీసుకుని ఆ రెండు హీటర్ పిన్నుల మధ్య కలిపి ఇంజిన్ స్టార్ట్ చేశాను. బల్బు వెలిగింది. ఒక వైరులో కరెంటు నిండుగా వస్తోంది, రెండో వైరుని ఈసీయూ ఎర్త్ చేస్తోంది. అక్కడితో ఫ్యూజ్, రిలే, వైరింగ్, ఈసీయూ అన్నిటి మీదా అనుమానం తీరింది.

మిగిలింది సెన్సర్. దాని వైపు కప్లర్‌లో ఒకే రంగు ఉన్న రెండు వైర్లూ హీటర్‌వి. వాటి మధ్య ఓమ్‌లు కొలిస్తే మీటర్ ఓపెన్ అని చూపించింది. వైరుని అటూ ఇటూ కదిపినా అంతే. పోల్చుకోవడానికి వెనక సెన్సర్ కప్లర్ కూడా విప్పి కొలిచాను, 9 ఓమ్‌లు. సెన్సర్‌ని బట్టి ఈ అంకె మారుతుంది, చల్లగా ఉన్నప్పుడు కొన్నిటికి 3 ఓమ్‌లే ఉండొచ్చు, కాబట్టి సర్వీస్ మాన్యువల్ అంకెనే నమ్మాలి. ఓపెన్ అంటే మాత్రం ఏ మాన్యువల్‌లోనైనా తీగ తెగిందనే.

సెన్సర్ ఎంపిక

ఈ పని మొత్తంలో ఎక్కువ బుర్ర పెట్టాల్సింది ఇక్కడే అని నా నమ్మకం. విప్పి బిగించడానికి ఓపిక ఉంటే చాలు. తప్పు సెన్సర్ తెచ్చుకుంటే ఎంత చక్కగా బిగించినా బండి బాగుపడదు.

చిక్కు ఎక్కడంటే, బయటికి అన్నీ ఒకేలా ఉంటాయి. దాదాపు అన్ని కార్ల సెన్సర్ల మర ఒకటే, ఎం18×1.5. పానా కూడా 22 మిల్లీమీటర్లే. అంటే సంబంధం లేని సెన్సర్ కూడా ఆ రంధ్రంలో చక్కగా కూర్చుంటుంది. అందులో కూర్చుంది కాబట్టి సరైనదే అనుకోకూడదు.

వైర్లు లెక్కపెట్టి రకం చెప్పేయొచ్చని చాలామంది అనుకుంటారు. కొంతవరకే నిజం. ఒకటి లేదా రెండు వైర్లుంటే హీటర్ లేని పాత రకం. మూడుంటే రెండు హీటర్‌కి, ఒకటి సిగ్నల్‌కి, ఎర్త్ బాడీ ద్వారా. నాలుగుంటే సిగ్నల్ ఎర్త్‌కి కూడా వేరే వైరు. అయిదుంటే సాధారణంగా వైడ్‌బ్యాండ్, అంటే ఇటు అటు దూకడమే కాకుండా మిక్స్చర్ ఎంత పలచగా ఉందో, ఎంత చిక్కగా ఉందో కొలిచి చెప్పే రకం. చిక్కంతా నాలుగు వైర్ల దగ్గర. టయోటా లాంటి కంపెనీల బండ్లలో ముందు వైపు వచ్చే ఎయిర్ ఫ్యూయల్ సెన్సర్ చాలావాటికి కూడా నాలుగే వైర్లు. చూడ్డానికి మామూలు ఓ2 సెన్సర్‌లాగే ఉంటుంది, పని చేసే పద్ధతి పూర్తిగా వేరు. దాని బదులు ఇది, దీని బదులు అది వేస్తే ఈసీయూకి ఏమీ అర్థం కాదు. ఇంకా, కొన్ని పాత బండ్లలో టైటానియా సెన్సర్లు ఉంటాయి. అవి వోల్టేజ్ పుట్టించవు, రెసిస్టెన్స్ మారుస్తాయి. వాటి స్థానంలో జిర్కోనియా పనికిరాదు.

నా బండిలో ముందుది 0.1 నుంచి 0.9 మధ్య ఊగడం నిన్ననే చూశాను కాబట్టి మామూలు జిర్కోనియా రకమే అని తేలింది. అయినా పార్ట్ నంబర్‌తోనే వెతికాను. పాత సెన్సర్ షట్కోణం మీద తయారీదారు పేరు, నంబర్ చెక్కి ఉంటాయి. వైర్ బ్రష్‌తో సుతారంగా రుద్ది ఫోన్‌తో ఫోటో తీశాను. ఇంకో పక్క నుంచి ఛాసిస్ నంబర్‌తో పార్ట్స్ కేటలాగ్‌లో చూశాను. రెండూ ఒకే సెన్సర్‌ని చూపించాయి. ఈ రెండో చూపు తప్పనిసరి. పాత యజమాని ఎప్పుడో వేరే సెన్సర్ వేయించి ఉండొచ్చు, ఒకే మోడల్‌లో మధ్యలో కంపెనీ సెన్సర్ మార్చి ఉండొచ్చు.

తర్వాతి ప్రశ్న: బండికి తగ్గ కప్లర్‌తో వచ్చే డైరెక్ట్ ఫిట్ కొనాలా, వైర్లు కత్తిరించి పాత కప్లర్‌కి కలుపుకునే యూనివర్సల్ కొనాలా? యూనివర్సల్ చవక. నేను దాని జోలికి వెళ్ళలేదు. మొదటి కారణం, రంగులు తయారీదారుని బట్టి మారతాయి. బాష్ సెన్సర్లలో సాధారణంగా తెలుపు రెండూ హీటర్‌వి, నలుపు సిగ్నల్, బూడిద రంగు ఎర్త్. డెన్సోలో నలుపు రెండూ హీటర్‌వి, నీలం సిగ్నల్, తెలుపు ఎర్త్. ఒకదానిలో సిగ్నల్ అయిన నలుపు ఇంకోదానిలో హీటర్. రంగుకి రంగు కలిపేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. రెండో కారణం ఇంకా ముఖ్యం. చాలా సెన్సర్లకి పోల్చుకోవడానికి కావలసిన బయటి గాలి వైరు పోగుల సందుల్లోంచే లోపలికి వెళ్తుంది. జాయింట్‌కి సోల్డర్ పెడితే ఆ దారి మూసుకుపోతుంది. యూనివర్సల్ వేయక తప్పకపోతే క్రింప్ జాయింట్లే వేయాలి. అయిదు వైర్ల వైడ్‌బ్యాండ్‌కైతే కప్లర్ కత్తిరించనే కూడదు. బాష్ వైడ్‌బ్యాండ్ సెన్సర్లు చాలావాటిలో ఆ సెన్సర్‌కి తగ్గట్టు సరిచేసిన కాలిబ్రేషన్ రెసిస్టర్ కప్లర్ లోపలే ఉంటుంది.

బండి తయారైనప్పుడు సెన్సర్ ఏ కంపెనీదో, డైరెక్ట్ ఫిట్‌లో అదే కంపెనీది ఎంచుకున్నాను. పార్సిల్ వచ్చాక పాతదాని ఫోటోతో పోల్చాను: నంబర్, కప్లర్ ఆకారం, పిన్నుల వరస, వైరు పొడవు. పొడవు తక్కువైతే వైరు బిగుసుకుంటుంది, ఎక్కువైతే ఎగ్జాస్ట్ మీద వాలుతుంది. నకిలీలు బాగా తిరుగుతున్నాయి కాబట్టి లోహం మీద చెక్కడం స్పష్టంగా ఉందా, పెట్టె మీది నంబర్‌తో కలుస్తోందా అని కూడా చూశాను. హీటర్ ఓమ్‌లు పెట్టెలో ఉండగానే కొలిచాను, 9కి కొంచెం తక్కువ.

విప్పడం

ముందు రోజు సాయంత్రమే మర మొదట్లో పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టి వదిలేశాను. పొద్దున ఇంజిన్ కొద్ది నిమిషాలు తిప్పి ఆపి, చెయ్యి దగ్గర పెడితే వెచ్చగా తగిలే దాకా ఆగాను. పూర్తి చల్లదనంలో మర బిగుసుకుని ఉంటుంది, మరీ వేడి మీద చెయ్యి కాలుతుంది. కొద్దిపాటి వేడి మీద మానిఫోల్డ్ వ్యాకోచించి పట్టు వదులుతుంది. తోలు గ్లౌజులు, కళ్లజోడు తప్పనిసరి. నాది పైనుంచే అందింది. బండి కిందికి వెళ్ళాల్సి వస్తే ఒక్క జాకీ మీద నమ్మకం పెట్టుకోకూడదు, స్టాండ్లు వేయాలి.

ముందు కప్లర్ విడదీసి, వైరు క్లిప్పులన్నీ తీశాను. ఆ తర్వాతే పానా. ఒక పక్క కోత ఉన్న సెన్సర్ సాకెట్ ఉంటే వైరు తెంపకుండా ఎక్కించొచ్చు. కానీ బాగా పట్టేసిన సెన్సర్ మీద ఆ కోత విచ్చుకుని షట్కోణం మూలలు అరిగిపోతాయి. పాతది ఎలాగూ పారేసేదే కాబట్టి వైర్లు కత్తిరించి 22 రింగ్ పానా వేశాను. ఆరు వైపులా పట్టు దొరికింది. బలమైన లాగు ఒకటి పడ్డాక కిర్రుమంటూ కదిలింది. కదిలాక ఒకే ఊపులో తిప్పేయలేదు. కొంచెం విప్పి, కొంచెం బిగించి, మళ్ళీ ఆయిల్ కొట్టి, ఇలా నెమ్మదిగా తీశాను. సెన్సర్ మర పాడైతే నష్టం లేదు, మానిఫోల్డ్ మర పాడైతే అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది.

బయటికి వచ్చాక మొనని తీరిగ్గా చూశాను, ఇంజిన్ లోపలి సంగతులు చాలావరకు అది చెప్పేస్తుంది. నల్లటి పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ మండుతోంది. గోధుమ రంగు జిడ్డు ఉంటే ఆయిల్ కాలుతోంది. తెల్లని పొర ఉంటే కూలెంట్ లోపలికి వెళ్తోందేమో, లేదా ఎవరైనా సెన్సర్‌కి సరిపడని సిలికాన్ సీలెంట్ వాడారేమో చూడాలి. అలాంటివి కనిపిస్తే ముందు ఆ రోగం కుదర్చాలి, లేకపోతే కొత్త సెన్సర్ కూడా అదే దారి పడుతుంది. నాది లేత బూడిద, గోధుమల మధ్య రంగు. ఆరోగ్యమైన రంగే. తెగింది హీటర్ తీగ ఒక్కటే అన్న నిర్ధారణకి ఇదీ తోడైంది.

రంధ్రం మరలో తుప్పు పొడి ఉంది. ఎం18×1.5 థ్రెడ్ చేజర్‌ని చేత్తోనే తిప్పి శుభ్రం చేశాను. కొత్త మర కోయడానికి కాదు, ఉన్నది తుడవడానికి.

బిగించడం

కొత్త సెన్సర్ మొన మీద ప్లాస్టిక్ టోపీని ఆఖరి నిమిషం దాకా తీయలేదు. లోపలిది పింగాణీ, కింద పడితే పైకి ఏమీ కనిపించకుండానే లోపల బీట వారుతుంది. మర పట్టేయకుండా కాపాడే యాంటీ సీజ్ పేస్టు కంపెనీ వాళ్లే మర మీద రాసి పంపారు, నేను ఇంకేమీ కలపలేదు. రాసి లేకపోతే సెన్సర్లకి సరిపడే రకాన్ని మర మీద మాత్రమే పలచగా రాయాలి, మొనకి తగలకూడదు.

బిగించేటప్పుడు వైరు కూడా సెన్సర్‌తో పాటు తిరుగుతుంది. అందుకని ముందే వైరుని ఎదురు దిశలో కొన్ని చుట్లు తిప్పి పట్టుకుని, మరని చేత్తో ఎక్కించాను. పూర్తిగా కూర్చునేసరికి మెలిక దానంతట అదే విడిపోయింది. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో, మాన్యువల్ చెప్పిన 45 న్యూటన్ మీటర్లకి. ఇక్కడ వైరు కత్తిరించే వీలు లేదు కాబట్టి కోత ఉన్న సాకెట్‌నే వాడాను. కొత్త మర మీద దానికి శ్రమేమీ లేదు.

కప్లర్‌లో క్లీనర్ స్ప్రేలు, గ్రీజు ఏమీ వేయలేదు. గాలి వెళ్ళే దారి గురించి పైన రాసిందే కారణం. క్లిక్ అని వినిపించేదాకా నొక్కి, పాత క్లిప్పులన్నిటిలో వైరు తిరిగి కూర్చోబెట్టాను.

మొదటి స్టార్ట్

కోడ్ చెరిపి, రాత్రంతా ఆగిన ఇంజిన్ స్టార్ట్ చేశాను. మొదట కొంచెం పొగ, ఘాటు వాసన వచ్చాయి. మానిఫోల్డ్ మీద పడ్డ పెనిట్రేటింగ్ ఆయిల్ కాలడమే అది, కాసేపటికి పోయింది. ముందు సెన్సర్ గ్రాఫ్ మీదే నా కళ్లన్నీ. 0.45 దగ్గర గీత కొద్దిసేపే నిలిచింది. అర నిమిషం గడవకముందే పైకీ కిందికీ ఊగడం మొదలై, స్థితి సెన్సర్ కబురుతో నడిచే క్లోజ్డ్ లూప్‌కి మారింది. హీటర్ ఉంటే వచ్చే తేడా ఎంతో ఆ గ్రాఫ్‌లో చూడటం నాకు చాలా తృప్తినిచ్చింది.

ఇంజిన్ వేడెక్కాక ఒక్కసారి గట్టిగా రేస్ చేస్తే 0.9కి ఎగిరింది, వదిలేస్తే ఇంజెక్టర్లు ఆగి సున్నా దగ్గరికి పడింది. ఐడ్లింగ్‌లో ఎంతసేపు ఉంచినా బద్ధకం లేదు. మర దగ్గర పొగ లీకు లేదు.

వారం తిరిగాక

కోడ్ చెరిపితే రెడీనెస్ మానిటర్లన్నీ, అంటే ఈసీయూ తనే చేసుకునే పరీక్షల లెక్కలన్నీ, మొదటికి వస్తాయి. లైటు ఆరినంత మాత్రాన పరీక్ష పాసైనట్టు కాదు, ఈసీయూ తన పరీక్షలు తాను మళ్ళీ చేసుకోవాలి. నా బండిలో ముందుగా ఓ2 హీటర్ మానిటర్ పూర్తయింది, ఆ తర్వాత ఓ2 సెన్సర్‌ది. క్యాటలిస్ట్ మానిటర్‌కి చల్ల స్టార్ట్, ఆపైన ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంతో కొంతసేపు నడక కావాల్సి వచ్చాయి. అదీ అయింది. పెండింగ్ కోడ్‌లు లేవు. లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ 1 దగ్గర స్థిరపడింది. దగ్గరి తిరుగుళ్లలో పెట్రోల్ ముల్లు ఇదివరకటిలా వేగంగా దిగడం లేదు.

వెనక సెన్సర్ కూడా ఇప్పుడే మార్చేయాలా అని ఆలోచించాను. రెండూ ఒకేసారి మార్చమని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. నేను మార్చలేదు. దాని హీటర్ 9 ఓమ్‌లు చూపిస్తోంది, వోల్టేజ్ నిలకడగా ఉంది, కోడ్ లేదు. పైగా పెట్రోల్ మిక్స్చర్‌ని ప్రధానంగా నడిపేది ముందు సెన్సరే, వెనకది ఎక్కువగా కన్వర్టర్ మీద కాపలా. కొలతల్లో బాగున్నదాన్ని విప్పి, అక్కడి మరని అనవసరంగా ఇబ్బంది పెట్టడం నాకు నచ్చదు. అయితే దాన్ని కొలిచేటప్పుడు వైరు క్లిప్పు ఒకటి విరిగి, వైరు పైపుకి బాగా దగ్గరగా వేలాడటం కనిపించింది. వేడికి తట్టుకునే తొడుగు వేసి, బ్రాకెట్‌కి కొత్త మెటల్ క్లాంప్‌తో కట్టాను. కొత్త సెన్సర్ పార్ట్ నంబర్, మార్చినప్పటి ఓడోమీటర్ అంకె, రెండు హీటర్ల ఓమ్‌లు సర్వీస్ పుస్తకంలో రాసిపెట్టాను.